నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను

స్త్రీల హక్కుల పత్రికలో హారర్ సినిమా గురించి రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. కొట్టడాలు, చంపడాలు, కాల్చడాలు రోజూ కేసుల రూపంలో మన ముందుకు వస్తూనే ఉన్నాయి. తీరిక దొరికినప్పుడు కూడా తెరమీద మళ్ళీ అదే నెత్తురు చూడాలా? కానీ ఈమధ్య చూసిన ఒక ఆస్ట్రేలియా సినిమా నన్ను చాలా రోజులు వదల్లేదు. అందులో హత్యలున్నాయి, నెత్తురుంది. నేను ఉలిక్కిపడింది మాత్రం వాటికి చాలా ముందు, ఒక మందుల షాపులో చిన్ననాటి స్నేహితురాళ్ళు ఇద్దరు ఎదురుపడి పలకరించుకునే చోట. ఆ సంతోషపు పలకరింపులో నా గొంతు నాకు వినిపించింది. ఎందుకో చివర్లో చెబుతాను.

ఆ సినిమా పేరు 'సిస్సీ'. 2022లో వచ్చింది. హన్నా బార్లో, కేన్ సెనెస్ ఇద్దరూ కలిసి రాసి దర్శకత్వం వహించారు. నవ్వునూ భయాన్నీ కలిపి నడిపిన సినిమా ఇది. నవ్వాలా వద్దా అని మనం తేల్చుకునేలోపే ఘోరం జరిగిపోతుంది. ఆయిషా డీ నటించిన సెసీలియా ఇందులో ప్రధాన పాత్ర. ఆమె ఇంటర్నెట్‌లో మానసిక ప్రశాంతత గురించి సలహాలిస్తూ, మధ్యలో వస్తువులకు ప్రచారం చేస్తూ బతుకుతుంది. ఆమె మాటలు వినేవాళ్ళు లక్షల్లో ఉన్నారు. తను మంచిదనీ, ప్రేమకు అర్హురాలిననీ కెమెరా ముందు మంత్రంలా చెబుతుంది, చూసేవాళ్ళచేత చెప్పిస్తుంది. కెమెరా ఆగిపోతే చిందరవందరగా ఉన్న గదిలో ఒంటరిగా మిగులుతుంది. ఎవరెవరు మెచ్చుకున్నారో ఫోనులో చూసుకోవడమే ఆమెకు తోడు.

చిన్నప్పుడు సెసీలియాకు ఎమ్మా ప్రాణస్నేహితురాలు. ఎప్పటికీ విడిపోకూడదని ఒట్లు పెట్టుకున్నారు. ఇంతలో అలెక్స్ అనే మరో అమ్మాయి వాళ్ళ మధ్యకు వచ్చింది. ఎమ్మా మెల్లగా అటు జరిగింది. అలెక్స్ సెసీలియాను పేరు పెట్టి ఏడిపించడం మొదలుపెట్టింది. ఒకరోజు సెసీలియా చేతిలో తోటపని చేసే తాపీలాంటి పనిముట్టు ఉంది. దానితో అలెక్స్ ముఖం మీద పొడిచింది. అంతటితో స్నేహం తెగిపోయింది. ఏళ్ళ తర్వాత మందుల షాపులో కనిపించిన ఎమ్మా, ఏమీ జరగనట్టే ఆప్యాయంగా మీద పడిపోతుంది. ఆమె ఫ్రాన్ అనే స్త్రీని పెళ్ళి చేసుకోబోతోంది. పెళ్ళికి ముందు స్నేహితులతో జరుపుకునే వేడుకకు రమ్మని సెసీలియాను పిలుస్తుంది. ఊరికి దూరంగా కొండల మధ్య ఉన్న ఆ ఇంటికి వెళితే, అక్కడ ముఖం మీద మచ్చతో అలెక్స్ ఎదురవుతుంది. ఆ తర్వాత ఒకరి వెనుక ఒకరు చనిపోతారు. చివరకు ఎవరు మిగిలారో చెప్పి, చూడబోయేవాళ్ళ ఆసక్తిని చంపను.

'సిస్సీ' అన్నది సెసీలియాకు ముద్దుపేరు. ఇంగ్లీషులో ఆ మాటకు పిరికిపంద అని అర్థం, మగపిల్లవాణ్ణి అంటే ఆడంగి అని. ఆ మాట 'సిస్టర్' లోంచే పుట్టింది. అక్కనో చెల్లెల్నో ముద్దుగా పిలిచే పిలుపు తిట్టుగా మారిపోయింది. మన 'ఆడంగి' కథా ఇదే కదా! ఆడతనం అంటేనే లోకువ అని ఏ పుస్తకంలోనూ చదవకుండానే పిల్లలు నేర్చేసుకుంటారు. నేర్చుకున్న ఆడపిల్లలు దాన్ని మొదట ప్రయోగించేది పక్కనున్న ఆడపిల్ల మీదే. ఆడదానికి ఆడదే శత్రువు అని చప్పట్లు కొట్టేవాళ్ళు ఈ మాట పట్టుకుని సంతోషపడనక్కరలేదు. ఆయుధం చేసిపెట్టింది ఒకరు, అందుబాటులో ఉన్నదాని మీద విసిరింది మరొకరు. అయినంత మాత్రాన విసిరిన చేతికి బాధ్యత లేకుండా పోదు.

ఈ సినిమా నవ్వునే ఎందుకు ఎంచుకుంది? ఏడిపించడం ఎప్పుడూ నవ్వు రూపంలోనే జరుగుతుంది కనుక. కొట్టినవాడు కొట్టానని ఒప్పుకుంటాడేమో గానీ, గేలి చేసినవాళ్ళు చేశామని ఒప్పుకోరు. 'సరదాకి అన్నాం', 'ఆమాత్రం జోకు కూడా అర్థం కాదా?', 'నువ్వు మరీ సున్నితం' అంటారు. దెబ్బ కొట్టిందీ వాళ్ళే, దెబ్బ తగిలిందో లేదో తీర్పు చెప్పేదీ వాళ్ళే. వేడుక ఇంట్లో భోజనాల దగ్గర స్నేహబృందమంతా సెసీలియా వృత్తిని మర్యాదగా, చదువుకున్న మాటలతో తూర్పారబట్టే సన్నివేశం ఉంది. ఎవరూ గొంతు పెంచరు. వాళ్ళ మాటల్లో కొంత నిజం కూడా ఉంది. శిక్షణ లేకుండా మనసులకు వైద్యం చేయబోవడం ప్రమాదమే. కానీ ఆ బల్ల చుట్టూ కూర్చున్నది పాత తరగతి గదే. చూస్తున్న మనం కూడా పెదవులు విరిచి నవ్వుతాం. ఆ నవ్వుకు మనకు మనమే దొరికిపోతాం.

ఈ రకం సినిమాలకు అమ్మమ్మలాంటిది 'క్యారీ'. స్టీఫెన్ కింగ్ 1974లో రాసిన నవల ఆధారంగా బ్రయన్ డి పామా 1976లో తీశాడు. అందులో క్యారీగా నటించిన ఆమె పేరు సిస్సీ స్పేసెక్ కావడం ఒక వింత. బడి స్నానాల గదిలో క్యారీ మొదటిసారి ముట్టవుతుంది. అదేమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు. చచ్చిపోతున్నానని బెదిరిపోయి చేతులు చాచి సాయం అడుగుతుంది. తోటి ఆడపిల్లలు అరుస్తూ, నవ్వుతూ ఆమె మీదికి ప్యాడ్లు విసురుతారు. ఇంట్లో మతం మత్తులో మునిగిన తల్లి, అది నీ పాపఫలితమని చెప్పి అల్మరాలాంటి చీకటి గదిలో పెట్టి తాళం వేస్తుంది. బడిలో ప్రిన్సిపాల్‌కు ఆ పిల్ల పేరు కూడా సరిగా నోటికి రాదు. ఎన్నిసార్లు చెప్పినా 'క్యాసీ' అనే అంటాడు. ఆమె పక్షాన నిలిచి మిగతా పిల్లలను శిక్షించిన టీచరు కూడా, ఆ పిల్లను చూస్తే తనకూ చిరాకే వేసిందని, తోటిపిల్లల మనసు తనకు అర్థమైందని ప్రిన్సిపాల్ దగ్గర ఒప్పుకుంటుంది.

చివరి విందులో క్యారీ మీద పందినెత్తురు కుమ్మరించినప్పుడు గది అంతా తనను చూసి నవ్వుతున్నట్టు ఆమెకు కనిపిస్తుంది. నిజానికి అందరూ నవ్వలేదు. ఏళ్ళ తరబడి నవ్వు విని విని, నవ్వని ముఖాల మీద కూడా ఆమెకు నవ్వే కనిపిస్తుంది. ఆ కోపంలో తనకు సాయపడిన టీచరును కూడా చంపేస్తుంది. ప్రతీకారాన్ని గొప్ప చేసి మాట్లాడేవాళ్ళు ఈ ఘట్టాన్ని గుర్తు పెట్టుకోవాలి. ప్రతీకారానికి విచారణ ఉండదు, సాక్ష్యం ఉండదు. ఎవరు ఎంత చేశారో లెక్క తేల్చే ఓపిక దానికి ఉండదు. అందుకే మనకు న్యాయం కావాలి గానీ పగ చాలదు. అయితే న్యాయం అడిగిన ప్రతిచోటా తలుపు మూసేసి, పగ మాత్రం తప్పని ఉపదేశించే హక్కు ఎవరికుంది?

స్పెయిన్‌లో కార్లోటా పెరెడా 2022లో తీసిన 'సెర్దీతా' మరో మెట్టు ముందుకు వెళుతుంది. ఆ మాటకు పందిపిల్ల అని అర్థం. ఒక పల్లెటూళ్ళో మాంసం కొట్టు నడిపేవాళ్ళ కూతురు సారా. లావుగా ఉందని తోటి ఆడపిల్లలు ఆమెను అలా పిలుస్తారు. ఈతకొలనులో నీళ్ళలో ముంచి ఏడిపించి, ఆమె బట్టలు ఎత్తుకుపోతారు. ఈత దుస్తుల్లోనే ఎండలో నడిచి ఇంటికి పోతున్న సారాకు, ఆ అమ్మాయిలను ఒక హంతకుడు వ్యానులో ఎత్తుకుపోవడం కనిపిస్తుంది. ఆమె నోరు విప్పదు. ఆమె చేతికి నెత్తురు అంటలేదు. ఊరుకుంది, అంతే. ఆ ఊరుకోవడం ఎంత పెద్ద పనో సినిమా అంతా చూపిస్తుంది. చివరకు ఆమె ఆ అమ్మాయిలను చావుకు వదిలేయదు. కానీ ఆ ఘడియదాకా సాగిన మౌనాన్ని మనం తేలికగా తప్పు పట్టలేం. కొలను గట్టున జరిగింది మనమూ చూశాం కదా.

ఈ మూడు సినిమాల మధ్య నాకు కనిపించిన చుట్టరికం ఆ మౌనమే. ఏడిపించేవాళ్ళు ఒకరిద్దరే. బలైపోయేది ఒక్కరే. మిగిలిన తరగతి అంతా ఏం చేస్తోంది? 'సిస్సీ'లో సెసీలియా మంచిదా, అలెక్స్ మంచిదా అని చూసినంతసేపూ తర్జనభర్జన పడతాం. ముందు సెసీలియా మీద జాలి, తర్వాత అనుమానం, ఆ తర్వాత భయం. అలెక్స్ గాయం ముఖం మీద అందరికీ కనబడుతుంది. సెసీలియా గాయం ఎవరికీ కనబడదు. కనబడే గాయానికి మాత్రమే సాక్షులుంటారని మెడికల్ సర్టిఫికెట్ కోసం తిరిగిన మనకు చెప్పనక్కరలేదు. అలాగని కనబడని గాయం హత్యలకు లైసెన్సు కాదని కూడా సినిమా గట్టిగానే చెబుతుంది.

ఈ తర్జనభర్జనలో మనం ఎమ్మాను మరిచిపోతాం. ఆమె ఎవరినీ ఒక్క మాట అనలేదు. నవ్వుముఖం, మంచి మనసు, అందరూ కావాలనుకునే మనిషి. చిన్నప్పుడు అటు జరిగింది, పెద్దయ్యాక ఇద్దరినీ ఒకే ఇంటికి పిలిచింది. మధ్యలో జరిగినదాని గురించి మాత్రం ఎన్నడూ మాట్లాడలేదు. పాతవన్నీ వాటంతటవే మాసిపోయి ఉంటాయని ఆమె నమ్మకం. నా లెక్కన ఆ ఇంట్లో జరిగిన ఘోరానికి మొదటి అడుగు ఆ నమ్మకమే. ఎమ్మా పాత్ర వేసింది దర్శకులలో ఒకరైన హన్నా బార్లోయే. కథ రాసిన మనిషి బాధితురాలి పాత్ర తీసుకోలేదు, ఏడిపించిన పాత్రా తీసుకోలేదు. ఆ మూడో మనిషి పాత్రను తన మీద వేసుకుంది. ఎందుకు వేసుకుందో గానీ, అది నాకు తగలవలసిన చోటే తగిలింది.

ఎందుకంటే నేను ఎమ్మాను.

ముప్పై ఏళ్ళ కిందట ఒక చిన్న ఊళ్ళో ఆడపిల్లల హాస్టల్లో చదువుకున్నాను. నా పక్క మంచం అమ్మాయి, నేను ఒకే కంచంలో తినేవాళ్ళం. ఇంటినుంచి తెచ్చుకున్న నువ్వుల ఉండలు ఆమె లెక్కపెట్టి సగం నాకిచ్చేది. ఆమె నల్లగా ఉండేది. పై తరగతి అమ్మాయిలు కొందరు ఆమెకు 'కాకి' అని పేరు పెట్టారు. ఆమె ప్రార్థనకు వచ్చి నిలబడగానే వెనక వరసలోంచి 'కావ్ కావ్' మొదలయ్యేది. ఆ అమ్మాయిలు నన్ను తమ జట్టులో చేర్చుకున్నారు. నేను మంచం మార్చుకున్నాను. ఒకసారి ఆమె నాయనమ్మ చనిపోతే ఇంటికి వెళ్ళి, దినకర్మలు అయ్యాక తిరిగివచ్చింది. ఆ రాత్రి ఆమె మంచం మీద ఆకు వేసి, దానిమీద అన్నం ముద్ద పెట్టి ఉంది. కాకికి పిండం అన్నమాట. గది గదంతా నవ్వింది. నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను. ముద్ద పెట్టింది నేను కాదు. నవ్వానంతే. ఆమె ఎవరినీ చూడలేదు, నన్నే చూసింది.

వార్డెన్ వచ్చి అన్నం పారేసినందుకు అందరినీ తిట్టింది. విచారణ అంతటితో ముగిసింది. నెల తిరక్కుండానే వాళ్ళ నాన్న వచ్చి ట్రంకుపెట్టె మోసుకుని ఆమెను తీసుకువెళ్ళిపోయాడు. ఇంటి దగ్గర ఇబ్బందుల వల్ల చదువు మానేసిందని మాకు చెప్పారు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక సభలో స్త్రీల మీద హింస గురించి మాట్లాడి వేదిక దిగుతుంటే ఆమె కనిపించింది. అంగన్‌వాడీ కార్యకర్తలతో పాటు వచ్చి కూర్చుంది. నేను పరుగెత్తుకెళ్ళి కావలించుకుని, 'ఎన్నాళ్ళయిందే! ఏం మారలేదు నువ్వు!' అన్నాను. ఆమె మెల్లగా నా చేతులు విడిపించుకుని, 'బాగున్నారా మేడమ్' అంది. ఒకే కంచంలో తిన్న మనిషి నన్ను 'మీరు' అంది. నేను హోదా వల్ల వచ్చిన మర్యాద అనుకుని సర్ది చెప్పుకున్నాను. మందుల షాపులో ఎమ్మా కేరింత విన్నాక గానీ నాకు తలకెక్కలేదు. అది మర్యాద కాదు, తలుపు వేసుకోవడం. వేసుకునే హక్కు ఆమెకుంది.

సెసీలియాలా ఆమె ఎవరినీ చంపలేదు. ఇక్కడే ఈ సినిమాల మీద నా పేచీ. ఏడిపించబడిన ఆడపిల్ల రాక్షసి అయి తిరిగొస్తుందని చూపిస్తే సినిమాకు రక్తి కడుతుంది గానీ, మనం చూసే ఆడపిల్లలు అలా తిరిగిరారు. వాళ్ళు చదువు మానేస్తారు. తమ ఒంటినీ రంగునూ తామే అసహ్యించుకుంటారు. కొందరు కత్తిని తమ మీదే తిప్పుకుంటారు. వాళ్ళ ఎదురుదెబ్బకు భయపడవలసిన అవసరం లోకానికి రాదు. అందుకే లోకం పట్టించుకోదు.

చట్టం మాత్రం ఎమ్మాలాంటివాళ్ళను పూర్తిగా మరిచిపోలేదు. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. ఫిర్యాదు వచ్చినా చర్య తీసుకోకుండా నిర్లక్ష్యం చేసిన విద్యాసంస్థ అధిపతిని, ఆ నేరానికి తోడ్పడిన మనిషిగానే ఆ చట్టం లెక్కిస్తుంది. ఊరుకోవడం కూడా నేరంలో భాగమే అని చట్టం ఒప్పుకున్నదన్నమాట. ఉన్నత విద్యాసంస్థలకు యు.జి.సి. 2009లో ర్యాగింగ్ వ్యతిరేక నిబంధనలు తెచ్చింది. 2016లో వాటికి చేసిన సవరణ రంగు, కులం, మతం, లింగం, రూపం, ప్రాంతం, భాష, ఆర్థిక స్థితి వంటి కారణాలతో ఒక విద్యార్థిని హింసించడాన్ని, వెలివేసినట్టు చూడడాన్ని కూడా ర్యాగింగ్ కిందికి తెచ్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిపిల్లలను మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. కానీ దానిలో చర్య ఉద్యోగ నిబంధనల ప్రకారం ఉంటుంది. అంటే దాని చూపు ప్రధానంగా సిబ్బంది మీదే. తోటిపిల్లల మధ్య, రాత్రి పది గంటలకు, హాస్టల్ గదిలో జరిగేదాన్ని చూసే కన్ను ఏదీ?

అన్నిటికీ చట్టమే రావాలని నేననడం లేదు. పదమూడేళ్ళ పిల్లల మీద పోలీసు కేసులు పెట్టమనీ అనడం లేదు. మన చేతిలో ఉన్న పనులు కొన్ని చెబుతున్నాను. హాస్టళ్ళకు, కస్తూర్బా బడులకు వెళ్ళే కార్యకర్తలు మరుగుదొడ్లు, భోజనం, ప్యాడ్ల గురించి అడిగినట్టే, ఇక్కడ ఎవరిని ఏ పేరుతో పిలుస్తున్నారని కూడా అడగాలి. మారుపేరు వింటే సగం కథ తెలిసిపోతుంది. గొడవ బయటపడినప్పుడు బాధపడిన పిల్లకే టి.సి. ఇచ్చి పంపడం పరిష్కారంగా ఒప్పుకోకూడదు. ఏడిపించినవాళ్ళను అడిగినట్టే, చూసి నవ్వినవాళ్ళను కూడా కూర్చోబెట్టి అడగాలి. వాళ్ళే ఎక్కువమంది, ముందుగా మారగలిగేదీ వాళ్ళే.

ఇక మన సంఘాల సంగతి. ఎప్పుడో జరిగిన అవమానాన్ని ఒకామె చెప్పుకోవడానికి వస్తే, 'పాత గాయాలు ఇప్పుడెందుకు కెలుక్కోవడం, నీ మీద నువ్వు దృష్టి పెట్టుకో' అని ఎన్నిసార్లు అన్నాం? వ్యక్తిగతమైనది కూడా రాజకీయమే అని గోడల మీద రాసినవాళ్ళం మనమే. ఇప్పుడు సెసీలియాలాగా, రాజకీయమైనదాన్ని వ్యక్తిగతం చేసి, శ్వాస తీసుకోమని చెప్పి పంపిస్తున్నాం. ఒక కార్యకర్త యాసను అనుకరించి నవ్వుకున్న శిక్షణ శిబిరాలు లేవా? ఇంగ్లీషు రాని మనిషి మాట్లాడుతుంటే చూపులు కలుపుకున్న సమావేశాలు లేవా? ఫలానావాళ్ళ వంట అని కంచం పక్కకు జరిపిన సందర్భాలు లేవా? ఆమె మెల్లగా రావడం మానేస్తుంది. మనం మినిట్స్ పుస్తకంలో 'వ్యక్తిగత కారణాల వల్ల' అని రాస్తాం. మా హాస్టల్ వాళ్ళు చెప్పిన 'ఇంటి దగ్గర ఇబ్బందులు' అన్న మాటకూ దీనికీ తేడా ఏమిటి?

ఆమెకు ఉత్తరం రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. క్షమించమని అడగడం కూడా ఆమె మీద మరో బరువు మోపడమేనేమో అనిపించి ఆగిపోయాను. చివరకు నాలుగు వాక్యాలు రాసి పంపాను. ఆ రాత్రి ఏం జరిగిందో, నేను ఏం చేశానో, వార్డెన్ అడిగితే నిజం చెప్పవలసింది చెప్పలేదనీ రాశాను. జవాబు ఇవ్వనక్కరలేదనీ రాశాను. జవాబు రాలేదు. రావాలని అడిగే హక్కు నాకు లేదు.

సంఘంలోనుంచి ఈ అయిదేళ్ళలో వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఒక్కొక్క పేరు ఎదురుగా, ఆమె వెళ్ళిపోయేముందు ఆ గదిలో ఎవరు నవ్వారో గుర్తు చేసుకోండి. వచ్చే సమావేశంలో మొదటి అంశంగా దాన్నే పెట్టుకుందాం.